భావం లేని గొంతుతో ఆరేళ్ళు

మా చెల్లి ఎప్పుడొచ్చినా గుమ్మంలోంచే, "ఇంకా ఈ వడ్లమిల్లుతోనే కాపురమా అక్కా!" అంటుంది. అది వడ్లమిల్లు కాదు, కంప్యూటర్ గొంతు చదువుతున్న బైబిల్లోని యెషయా గ్రంథం నలభయ్యో అధ్యాయం. కాకపోతే నేను వినే వేగం అలాంటిది. మామూలు మనిషి మాటకి రెండున్నర రెట్లు ఉంటుందేమో. కొత్తవాళ్ళకి ఒక్క ముక్క అందదు. నాకు మాత్రం కామా దగ్గర అది ఆగే చిటికెడు విరామం కూడా తెలుస్తుంది.

తెర మీది అక్షరాల్ని చూపు లేని నాకు చదివి వినిపించే ఆ గొంతు పేరు ఈస్పీక్ ఎన్‌జీ. 2019 జనవరి నుంచి రోజూ వింటున్నాను. వారం రోజులు వాడి చూసినవాళ్ళు 'రోబో గొంతు' అని ఒక్క మాటతో తీసిపారేస్తారు. నిజమే, రోబో గొంతే. అయినా ఆరేళ్ళుగా దాన్ని ఎందుకు వదల్లేదో చెప్పాలని ఇది రాస్తున్నాను.

ముందు నా సంగతి. గుంటూరు జిల్లాలో ఒక లూథరన్ సంఘం మాది. సండే స్కూలు పిల్లలకి నాటికలు, క్రిస్మస్‌కి నాటకం, అప్పుడప్పుడు కథలు రాస్తుంటాను. అమ్మానాన్నలది మేనరికం. చిన్నప్పుడు నాకు రేచీకటి అన్నారు, తర్వాత రెటినైటిస్ పిగ్మెంటోసా అన్నారు. చూపు అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ వచ్చి, ముప్పై ఎనిమిదో ఏటికి అచ్చు అక్షరం పూర్తిగా పోయింది. ఆ వయసులో బ్రెయిలీ నేర్చుకున్నాను గానీ వేళ్ళు మాట వినవు. పైగా ఇంగ్లీషు బ్రెయిలీ బైబిలే దాదాపు నలభై సంపుటాలు. దానికి అల్మరా చాలదు, గది కావాలి.

నా దగ్గరున్నవి ఒక పాత లాప్‌టాప్, ఒక మామూలు ఆండ్రాయిడ్ ఫోను. లాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ. ఆస్ట్రేలియాలో చూపు లేని మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టిన ప్రోగ్రాం అది, పైసా కట్టక్కర్లేదు. ఫోన్లో టాక్‌బ్యాక్. తెర మీద ఏముందో ఈ రెండూ పట్టుకుంటాయి, పలికేది ఈస్పీక్. మనిషి చేత చదివించి, ఆ రికార్డు ముక్కల్ని అతికించే రకం కాదిది. నోట్లో ధ్వని ఎలా పుడుతుందో లెక్కగట్టి, ఆ లెక్కతోనే శబ్దాన్ని పుట్టిస్తుంది. అందుకే కొద్దిపాటి ఎంబీల్లో ఇమిడిపోతుంది, వేగం ఎంత పెంచినా అక్షరాలు ఒకదాన్నొకటి మింగవు. బాణం మీట నొక్కీ నొక్కకముందే పలికేస్తుంది. నా లాప్‌టాప్ మీద తియ్యగా మాట్లాడే గొంతులు అరక్షణం ఆలోచించుకుని గానీ నోరు విప్పవు. పొద్దస్తమానం మీటలు నొక్కేవాళ్ళకి ఆ అరక్షణం పంటి కింద రాయి.

మొదటి నెల మాత్రం నరకం. సాయంత్రానికి తల దిమ్మెక్కేది. రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపుతూ తెలుగు మాట్లాడుతున్నట్టుండేది. రెండో నెలలో ఒకరోజు, గొంతు వినడం మానేసి కథ వింటున్నానని హఠాత్తుగా తెలిసింది. అక్కడిదాకా ఓపిక పట్టలేనివాళ్ళు దీని జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

తియ్యని గొంతులు నేనూ వాడి చూశాను. ఒకటి అచ్చం రేడియోలో వార్తలు చదివే మనిషిలా ఉంటుంది, వార్తలకి బ్రహ్మాండం. నాటకంలా తీసిన ఆడియో బైబిల్ కూడా ఒకటి విన్నాను. వెనక వయొలిన్లు, గాలి హోరు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం దగ్గర ఆపేశాను. పుట్టుగుడ్డి మనిషిని చూసి శిష్యులు ప్రభువుని అడుగుతారు కదా, ఇతను ఇలా పుట్టడానికి పాపం చేసింది ఇతనా, కన్నవాళ్ళా అని. ఆ ఆడియోలో శిష్యుడి గొంతు జాలితో వణికింది. వయొలిన్ ఏడ్చింది. నాకు ఒళ్ళు మండింది. ఆ ప్రశ్న నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వింటున్నదే. వీధి కుళాయి దగ్గర మా అమ్మని అడిగారు. స్వస్థత కూటంలో నా తల మీద చెయ్యి పెట్టి మరీ అడిగారు. ఒక్కరూ జాలితో వణకలేదు. తెనాలి బస్సు ఎన్నింటికి అన్నట్టు అడిగారు.

ఈస్పీక్ ఆ వాక్యాన్ని సరిగ్గా అలాగే చదివింది, బస్సు ఎన్నింటికి అన్నట్టు. ఆ వెంటనే ప్రభువు జవాబు, ఇతనూ కాదు కన్నవాళ్ళూ కాదు అన్నది, అదీ అదే స్వరంలో. ఆ రాత్రి ఆ రెండు వచనాల్నీ ఎన్నిసార్లు వెనక్కి తిప్పుకుని విన్నానో. ఎక్కడ నొక్కి పలకాలో అది చెప్పదు, నేనే వెతుక్కోవాలి. కంటితో చదివే రోజుల్లో చేసిందీ అదే కదా.

అలాగని దీన్ని నెత్తిన పెట్టుకోమనను. మన తెలుగులో చ, జ లకి రెండేసి పలుకులున్నాయి. 'చేప'లో చ వేరు, 'చాప'లో చ వేరు. దీనికి ఆ తేడా తెలియదు, రెండూ ఒకటే గట్టి చ. 'చాలు', 'జాలి', 'జల్లెడ' అన్నీ పరాయి ఊరివాడు పలికినట్టుంటాయి. 'మొదటి సమూయేలు' అనాల్సిన చోట 'ఒకటి సమూయేలు' అంటుంది. (ఇంకో కంపెనీ గొంతైతే యోహాను 3:16ని మూడు గంటల పదహారు నిమిషాలు చేసింది. నేను నవ్వాపుకోలేక చాలాసేపు దేవుడికి క్షమాపణ చెప్పుకున్నాను.) అన్నిటికంటే అన్యాయం, ఈ పలుకు నాకూ అంటుకుంది. పోయిన ఈస్టర్‌కి వాక్యం చెబుతూ 'జాలి' అన్న మాట ఆ రోబోలాగే పలికాను. ముందు వరసలో పిల్లలు కిసుక్కుమన్నారు.

గుడిలో దీనితో నాకు దొరికిన ఉపకారం ఎవరూ ఊహించరు. పాటలు. కీర్తనల పుస్తకాన్ని ఫోన్లో పెట్టుకుని, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటాను. అందరూ మొదటి చరణం చివరి పాదం సాగదీస్తుండగా నా వేలు కిందికి జారుతుంది, తర్వాతి పాదం గబగబా చెవిలో పడిపోతుంది. నోరు ఈ పాదంలో, చెవి తర్వాతి పాదంలో. ఇక్కడ తియ్యని గొంతు పనికిరాదు, అది ముగించేలోపు సంఘం రెండు పాదాలు దాటిపోతుంది. తెర నల్లగా ఆర్పేసి ఉంచుతాను, చూడనివాళ్ళకి వెలుగెందుకు? వెనక కూర్చునే ఒక పెద్దావిడ మాత్రం, ఆరాధనలో సినిమా పాటలు వింటోందని గురువుగారికి చెప్పింది. ఆయనొచ్చి నా ఇయర్‌ఫోన్ తన చెవిలో పెట్టుకున్నారు. రెండు సెకన్లలో తీసేసి, "అమ్మా, ఇది ఏ భాష?" అన్నారు.

కానుక సంచి వచ్చేముందు నోట్లు చూసుకోవాలి. కొత్త నోట్లలో వంద పొడవు 142 మిల్లీమీటర్లు, రెండొందలు 146, అయిదొందలు 150. ఆ నాలుగు మిల్లీమీటర్లు వేలికి అందాలంటే పక్కన ఇంకో నోటు పెట్టి కొలవాలి. రిజర్వ్ బ్యాంక్ 2020లో తెచ్చిన మణి యాప్ కెమెరాతో చూసి చెప్పేస్తుంది, నెట్ కూడా అక్కర్లేదు. ఇంటి దగ్గరే చూసుకుని మడతలు పెట్టుకుంటాను. డబ్బు పంపడానికి ఒక బ్యాంకు యాప్ పెట్టుకుంటే మాత్రం వేలు ఎక్కడ పెట్టినా 'బటన్, బటన్, బటన్' తప్ప ఇంకో మాట రాలేదు. ఏ గొంతైనా ఏం చేస్తుంది? బటన్‌కి పేరు పెట్టనివాళ్ళది తప్పు. తీసేశాను.

ఇక రాయడం. మాటతో టైపు చేసే సదుపాయం ఫోన్లో ఉంది, ఉత్తరాలకి చాలు. నాటికకి వాడబోతే యూదుల మతనిష్ఠాపరులు 'పరిసయ్యులు' కాస్తా 'పరిచయాలు' అయ్యారు. ప్రభువు పరిచయాల్ని గద్దిస్తే బాగుంటుందా? అందుకని లాప్‌టాప్‌లో ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు పద్ధతి నేర్చుకున్నాను. ఎఫ్, జే మీటల మీద చిన్న గీతలుంటాయి చూడండి, ఎఫ్ మీద గుడి, జే మీద ర. ఎడమ చేతికి అచ్చులు, కుడి చేతికి హల్లులు. మీటకొక ధ్వని, మధ్యలో సలహాల జాబితా ఏదీ దూకదు. తప్పు పడితే చెరపడం మాత్రం తపస్సు. 'స్త్రీ' కంటికి ఒకటే అక్షరం. కంప్యూటర్‌కి స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఆరుసార్లు చెరపాలి, ఆరుసార్లూ అది పేరు చెబుతుంది. విసుగే. కానీ కళ్ళున్న రోజుల్లో నా కథల్లో ఉండే అచ్చుతప్పులు ఇప్పుడు లేవని సంపాదకులే అన్నారు. దీర్ఘం తప్పితే కన్ను సర్దుకుని పోతుంది, ఈ గొంతు పోనివ్వదు.

ఇంత భక్తురాల్ని, నా పిచ్చి డిటెక్టివ్ నవలలు. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ అంటే ప్రాణం. నాలాంటివాళ్ళు అయిదుగురం ఉన్నాం, అందులో ఒకాయన రిటైరైన లెక్కల మాస్టారు. గురువారం రాత్రుళ్ళు వాట్సాప్‌లో వాయిస్ మెసేజీలు పెట్టుకుంటాం. నియమం ఒక్కటే, అందరూ పూర్తి చేసేదాకా హంతకుడి పేరెత్తకూడదు. ఒకసారి మాస్టారు నోరు జారితే నెల రోజులు ఎవరం మాట్లాడలేదు.

పుస్తకాలు విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో మా అన్నయ్య కొడుకు ఏరుకొస్తాడు. గోధుమరంగుకి తిరిగిపోయిన కాగితమట, వాసన చూస్తే నాకే తెలుస్తుంది. రెండు పీటల మధ్య ఫోన్ని బోర్లించి, కింద పుస్తకం విప్పి పట్టుకుని, వాడు 'ఊఁ' అన్నప్పుడల్లా నేను పేజీ తిప్పుతాను. తర్వాత ఆ ఫొటోల్లోంచి అక్షరాలు తీయించడం. చూపులేనివాళ్ళు తమకు వీలైన రూపంలోకి పుస్తకాన్ని మార్చుకుని సొంతానికి చదువుకోవచ్చని 2012 కాపీరైట్ సవరణ ఒప్పుకుంది కాబట్టి దొంగతనమన్న బెంగ లేదు. ఫైలు మాత్రం ఎవరికీ పంపను.

అక్షరాలు తీసే యంత్రానికి ష, ఫ, ప ఒకే తల్లి బిడ్డలు. 'షరాబు' ఉన్నట్టుండి 'ఫరాబు' అవుతాడు. అదైనా అలవాటయింది. అలవాటు కానిది పేజీ నంబరు. హీరో చీకట్లో తలుపు తోస్తాడు, లోపల ఎవరో ఊపిరి పీలుస్తున్నారు, అతను టార్చి వెలిగించి చూసేసరికి... 'నలభై ఏడు'. ఈ గొంతుకి నలభై ఏడూ శవమూ ఒకటే. మొదట్లో చిరాకుపడ్డాను. ఇప్పుడు నా నాటికల్లో ఆ విద్య నేనే వాడుతున్నాను. పోయిన క్రిస్మస్‌కి హేరోదు రాజు భటులు తలుపు తట్టే ఘట్టంలో, సరిగ్గా తట్టగానే పక్కనుంచి ఒక పిల్లవాడు వచ్చి వేరుశెనగ కాయలు అమ్ముతాడు. జనం ఊపిరి బిగబట్టి వాణ్ణి తిట్టుకున్నారు.

మొన్న దొరికిన పుస్తకానికి అట్ట లేదు, ఎవరు రాశారో తెలియదు. అయినా రెండు రాత్రుళ్ళు నిద్ర పోనివ్వలేదు. అనుమానితులందరూ ఒక గదిలో చేరారు. పరిశోధకుడు లేచి నిలబడ్డాడు, కళ్ళజోడు తుడుచుకున్నాడు. బాణం మీట నొక్కాను. 'బ్లాంక్' అంది. ఇంకోసారి నొక్కాను. 'బ్లాంక్'. మా వాణ్ణి లేపి పుస్తకం చేతికిస్తే, "అత్తా, చివరి ఠావు చింపేసి ఉంది" అన్నాడు. గురువారం మాస్టారిని అడగాలి. ఈసారి నోరు జారమనే అడుగుతాను.