పిల్లాజెల్లాతో లండన్: హీత్రో నుంచి బస దాకా

హీత్రోలో దిగాక ఊళ్లోకి మూడు రైళ్లున్నాయి. ఏది ఎన్ని నిమిషాల్లో చేరుస్తుందో ఎవర్నడిగినా చెప్తారు. ఇద్దరు పెద్దాళ్లు, ఇద్దరు పిల్లలు, మూడు పెద్ద పెట్టెలు, ఒక స్ట్రోలర్ ఉన్నప్పుడు మాత్రం నిమిషాల కన్నా ముందు మెట్లు లెక్కపెట్టుకోవాలి. ట్యూబ్ అంటే లండన్ భూగర్భ రైలు, అందులో తొలి రైలు 1863లో నడిచింది. ఊరి నడిమధ్య స్టేషన్లలో చాలావరకు నూరేళ్ల కిందట తవ్వినవే. ఉన్న 272 స్టేషన్లలో వీధి నుంచి ప్లాట్‌ఫారం దాకా మెట్లెక్కకుండా వెళ్లగలిగేవి మూడో వంతే. లిఫ్ట్ ఉందన్నంత మాత్రాన గండం గడిచినట్టు కూడా కాదు. రసెల్ స్క్వేర్‌లో లిఫ్ట్ ఉంది, దాని తర్వాత మెట్లూ ఉన్నాయి.

2025 మార్చి ధరల్లో హీత్రో నుంచి ఊరి మధ్యకి పెద్దవాళ్లకి తలా ట్యూబ్‌లోని పిక్కడిల్లీ లైన్ 5.80 పౌండ్లు, ఎలిజబెత్ లైన్ 13.90, హీత్రో ఎక్స్‌ప్రెస్ అప్పటికప్పుడు కొంటే 25. ఎక్స్‌ప్రెస్ పావుగంటలో పాడింగ్టన్‌లో దింపుతుంది, అక్కడితో దాని పని సరి. బస పాడింగ్టన్ చుట్టుపక్కల ఉంటేనే ఆ డబ్బు గిట్టుబాటు. లేదంటే అదే సామానుతో ఇంకో రైలు వెతుక్కోవాలి, మిగిలిన టైమంతా అక్కడే హరించుకుపోతుంది.

పిక్కడిల్లీ చవక, గంటకి కాస్త తక్కువలో చేరుస్తుంది. బయల్దేరేది విమానాశ్రయంలోనే కాబట్టి సీట్లు దొరుకుతాయి. పెట్టెలకి వేరే చోటు లేదు, మోకాళ్ల మధ్య పెట్టుకోవాల్సిందే. సాయంత్రం నాలుగు దాటి ఎక్కితే హామర్‌స్మిత్ నుంచి జనం తోసుకొస్తారు, పెట్టెలతో దిగడమే ఒక పని అవుతుంది. ఎర్ల్స్ కోర్ట్, గ్రీన్ పార్క్, కింగ్స్ క్రాస్‌లలో లిఫ్టులున్నాయి. సౌత్ కెన్సింగ్టన్‌లో ఈ లైన్‌కి లేదు, మ్యూజియంలు దగ్గరని అక్కడ రూము తీసుకునేవాళ్లు గమనించాలి.

సామాను ఎక్కువుంటే నా ఓటు ఎలిజబెత్ లైన్‌కే. ఈ లైన్ స్టేషన్లన్నిటికీ లిఫ్టో, మెట్లు లేని దారో ఉంది. పాడింగ్టన్ దాటాక సొరంగంలోని స్టేషన్లలో రైలు గడప, ప్లాట్‌ఫారం ఒకే ఎత్తులో ఉంటాయి, స్ట్రోలర్ ఎత్తక్కర్లేదు. ఒక తిరకాసుంది. రైలు పొడవు రెండొందల మీటర్ల పైనే, స్టేషన్‌కి రెండు కొసల్లో రెండు దారులు. లివర్‌పూల్ స్ట్రీట్‌లో దిగి తప్పు కొసకి నడిస్తే మూర్‌గేట్‌లో తేల్తారు. ఫారింగ్డన్‌లో అయితే బార్బికన్ దగ్గర. ప్లాట్‌ఫారం మీద పైన వేలాడే బోర్డు చూశాకే పిల్లల్ని కదిలించండి.

ఇక కార్డులు. టికెట్ల కోసం క్యూలో నిలబడక్కర్లేదు. గేటు మీద పసుపుపచ్చ గుండ్రటి రీడర్‌కి వీసా, మాస్టర్‌కార్డ్, అమెక్స్ కాంటాక్ట్‌లెస్ కార్డు తాకిస్తే చాలు. అయితే 2020 నుంచి ఆర్‌బీఐ నిబంధన వల్ల మన కార్డుల్లో విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ మనం విడివిడిగా ఆన్ చేసుకుంటేనే పనిచేస్తాయి. ఒకటి ఆన్ చేసి రెండోది మర్చిపోతే గేటు దగ్గర ఎర్ర లైటు వెలుగుతుంది, వెనక క్యూ పెరుగుతుంది. బయల్దేరేముందు బ్యాంకు యాప్‌లో రెండూ చూసుకోండి. ఒక కార్డుతో ఇద్దరు వెళ్లలేరు, పెద్దవాళ్లకి తలా ఒకటి కావాలి. లోపలికి ఏది తాకించారో బయటికీ అదే. లోపలికి కార్డు, బయటికి అదే కార్డున్న ఫోను తాకిస్తే సిస్టమ్ దృష్టిలో అవి రెండు వేర్వేరు ప్రయాణాలు. రెండూ సగంలో ఆగినవే కాబట్టి రెండిటికీ గరిష్ఠ ఛార్జీ పడుతుంది. గేటు తెరిచే ఉందని తాకించకుండా బయటికొచ్చేసినా అదే గతి.

పదకొండేళ్ల లోపు పిల్లలకి ట్యూబ్‌లో టికెట్ లేదు, ఒక పెద్దమనిషి వెంట నలుగురి దాకా. వాళ్లకి కార్డు ఉండదు గనక గేటు తెరుచుకోదు. అందుకే మామూలు గేట్లు వదిలేసి చివరన ఉండే వెడల్పు గేటుకి వెళ్లాలి. స్ట్రోలర్, పిల్లలు, పెట్టెలు ముందు, కార్డు తాకించే మనిషి చివర. మీరు ముందు దాటితే తలుపులు మీ వెనకే మూసుకుంటాయి, పిల్లలు అవతల మిగిలిపోతారు. పదకొండు నుంచి పదిహేనేళ్ల వాళ్లకి ఆయిస్టర్ కార్డు (ముందే డబ్బు వేసుకుని గేటుకి తాకించే ప్రయాణ కార్డు) కొని, స్టేషన్ సిబ్బందిని అడిగి యంగ్ విజిటర్ డిస్కౌంట్ వేయించండి. పద్నాలుగు రోజుల దాకా సగం ఛార్జీయే. హీత్రో స్టేషన్లోనే ఈ పని అయిపోతుంది. కార్డు కోసం కట్టిన డబ్బు మాత్రం తిరిగి రాదు.

రోజుకి, వారానికి ఛార్జీ ఒక హద్దు దాటదు. వారం అంటే వాళ్ల లెక్కలో సోమవారం నుంచి ఆదివారం. గురువారం దిగి బుధవారం దాకా ఉంటే వారం రెండు ముక్కలైపోయి ఆ హద్దు పెద్దగా అక్కరకి రాదు. అప్పుడు ఏ రోజైనా మొదలయ్యే ఏడు రోజుల ట్రావెల్‌కార్డు అనే పాస్ లెక్క వేసి చూడండి. అది మామూలు ఆయిస్టర్ మీద ఎక్కుతుంది, ఇంటి దగ్గరే ముందుగా తెప్పించుకునే విజిటర్ ఆయిస్టర్ మీద ఎక్కదు.

ఊళ్లో తిరగడానికి పిల్లలున్నవాళ్లకి బస్సే హాయి. 2025 ధరల్లో 1.75 పౌండ్లతో గంటలోపు ఎన్ని బస్సులైనా మారొచ్చు. నగదు తీసుకోరు, కార్డు ఎక్కేటప్పుడు ఒక్కసారే తాకించాలి. స్ట్రోలర్ మడవకుండా మధ్యలో ఖాళీ చోట నిలపొచ్చు, చక్రాల కుర్చీ వస్తే మాత్రం తీసేయాలి. ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి 15 నంబర్ ఎక్కితే సెయింట్ పాల్స్, టవర్ ఆఫ్ లండన్ మీదుగా వెళ్తుంది. పై అంతస్తులో ముందు సీటు దొరికితే వేరే టూర్ బస్సు దండగే. కోవెంట్ గార్డెన్ స్టేషన్ జోలికి వెళ్లకండి. లిఫ్టుల దగ్గర గుంపు, పక్కన చూస్తే 193 మెట్లు. లెస్టర్ స్క్వేర్‌లో దిగితే అక్కడికి 260 మీటర్లే, నడిచేయొచ్చు.

బస విషయానికొస్తే, ఎర్ల్స్ కోర్ట్, పాడింగ్టన్ దగ్గరి చవక హోటళ్లు చాలావరకు పాత వరస ఇళ్లని మార్చినవి. సన్నటి మెట్లు, లిఫ్ట్ ఉండదు, గదిలో పెట్టె తెరిస్తే నడవడానికి చోటుండదు. బుక్ చేసేముందు లిఫ్ట్ ఉందా, గది ఎన్నో అంతస్తు అని రాసి అడగండి. నలుగురికి ఒకే గది కావాలంటే ప్రీమియర్ ఇన్ లాంటి చెయిన్ హోటళ్ల ఫ్యామిలీ రూములు నయం. పెద్దవాళ్లు బ్రేక్‌ఫాస్ట్ కొంటే ఇద్దరు పిల్లలకి అక్కడ ఉచితం. కాస్త ఎడంగా ఉన్నా పర్లేదంటే ఈలింగ్ బ్రాడ్‌వే మంచి బేరం. హీత్రో నుంచి ఎలిజబెత్ లైన్‌లో మారకుండా రావొచ్చు, ఊళ్లోకి బాండ్ స్ట్రీట్ సుమారు పావుగంట.

వారాంతాల్లో మరమ్మతులకని లైన్లు మూసేయడం అక్కడ మామూలే. శుక్రవారం రాత్రే లండన్ రవాణా సంస్థ వాళ్ల టీఎఫ్‌ఎల్ గో యాప్‌లో చూసుకోవాలి. మెట్లు లేని దారులు విడిగా చూపించేదీ, ఏ లిఫ్ట్ పాడైందో చెప్పేదీ అదే.

తిరుగు ప్రయాణంలో పిక్కడిల్లీ ఎక్కితే రైలు నుదుటి మీద పేరు చదవండి. యాక్టన్ టౌన్ దగ్గర లైన్ చీలుతుంది, అక్స్‌బ్రిడ్జ్ అని ఉన్నది విమానాశ్రయానికి పోదు. హీత్రో అని ఉన్నవీ రెండు రకాలు. టెర్మినల్ 2, 3 వాళ్లకి రెండూ పనికొస్తాయి, 4 వైపు వెళ్లేది అక్కడ కాసేపు ఆగి వస్తుందంతే. 4కీ 5కీ వెళ్లేవాళ్లు మాత్రం సరైన రైలే ఎక్కాలి. పొరపాటున రెండోది ఎక్కేస్తే హాటన్ క్రాస్‌లో దిగి, అదే ప్లాట్‌ఫారం మీద వెనక వచ్చేదాని కోసం ఆగండి.