జెస్సీ జేమ్స్ బంగారం దారిలో: ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఆగక్కర్లేదు

పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ బందిపోటు జెస్సీ జేమ్స్ పాతిపెట్టిన బంగారం కథలు విన్నవాళ్లు చాలామంది నేరుగా ఓక్లహోమా కొండలకే బయల్దేరతారు. మిస్సోరి నుంచి మొదలుపెట్టడం మేలు. అక్కడ తేదీలున్నాయి, దోచిన సొమ్ము లెక్కలున్నాయి. అవి తెలిసి వెళ్తే కొండల్లో వినిపించే ప్రతి కథనూ తూకం వేసి చూడొచ్చు.

మిస్సోరి భాగానికి కాన్సస్ సిటీ ఉత్తర శివార్లలో గది తీసుకుంటే సరిపోతుంది, రోజుకో ఊళ్లో దిగక్కర్లేదు. లిబర్టీ, కియర్నీ ఐ-35 హైవే దారిలో, సెయింట్ జోసెఫ్ ఐ-29 హైవే దారిలో ఉంటాయి. లిబర్టీలోని బ్యాంకు మ్యూజియానికి గంట చాలు. 1866 ఫిబ్రవరి 13న పట్టపగలు దోపిడీ జరిగింది ఈ భవనంలోనే. పోయింది దాదాపు 60,000 డాలర్లు, అందులో ఎక్కువ భాగం బాండ్లే. ఆ రోజు జెస్సీ అక్కడ ఉన్నాడనడానికి గట్టి రుజువు లేదు.

కియర్నీ దగ్గరి జేమ్స్ ఫారమ్‌కు మాత్రం పూట కేటాయించండి. జెస్సీని మొదట ఈ ఇంటి పెరట్లోనే పాతిపెట్టారు. శవాన్ని ఎవరూ తవ్వుకుపోకుండా తల్లి కనిపెట్టుకుని ఉండేది. 1902లో అస్థికలను ఊళ్లోని మౌంట్ ఆలివెట్ శ్మశానానికి మార్చారు. సెయింట్ జోసెఫ్‌లో చూడాల్సింది 1882 ఏప్రిల్ 3న సొంత ముఠావాడే అయిన బాబ్ ఫోర్డ్ జెస్సీని కాల్చి చంపిన చిన్న ఇల్లు. దాన్ని అసలు చోటు నుంచి తెచ్చి ప్యాటీ హౌస్ మ్యూజియం పక్కన నిలబెట్టారు. గోడలో తూటా రంధ్రమని చూపించేది తూటా పట్టేంత చిన్నది కాదు. చూడ్డానికి వచ్చినవాళ్లు గుర్తుగా గోడను గిల్లి గిల్లి పెద్దది చేశారు. 1995లో సమాధి తవ్వి చేసిన డీఎన్ఏ పరీక్ష అది జెస్సీ శవమేనన్న మాటను బలపరిచింది. అప్పుడు దొరికిన వస్తువులు కొన్ని ఈ ఇంట్లోనే ఉన్నాయి. శీతాకాలంలో ఇలాంటి చిన్న మ్యూజియాల వేళలు తగ్గుతాయి, బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

సెయింట్ లూయిస్‌కు నైరుతిలో ఉన్న మెరమెక్ గుహలు జెస్సీ పేరుతో దశాబ్దాలుగా ప్రచారం చేసుకుంటున్నాయి. తానే జెస్సీనని చెప్పుకున్న జె. ఫ్రాంక్ డాల్టన్ అనే ముసలాయన్ని కూడా ఇక్కడికి తెచ్చి కూర్చోబెట్టారు. సున్నపురాయి గుహగా చాలా బాగుంటుంది, దీపాలు, నడకదారి అన్నీ ఉన్నాయి. లోపల ఏడాది పొడవునా చల్లగా ఉంటుంది కాబట్టి ఎండాకాలంలోనూ పల్చటి స్వెటర్ ఉండాలి. కథ కోసమే అయితే ఇంత దూరం రావద్దు.

ఇప్పుడు ఓక్లహోమా. విల్‌బర్టన్‌కు ఉత్తరాన సాన్ బోయిస్ కొండల్లో, జెస్సీలాంటి దొంగలు దాక్కున్నారని చెప్పే గుహ ఉన్న రాబర్స్ కేవ్ స్టేట్ పార్క్ ఈ యాత్ర మొత్తంలో రాత్రి బసకు అన్నిటికంటే మంచి చోటు. కొండమీది బెల్ స్టార్ లాడ్జ్‌లో ఉన్నవి 20 గదులే. పిల్లలతో వచ్చేవాళ్లకు క్యాబిన్లు నయం. అక్టోబరులో ఆకులు రంగు మారే రోజుల్లో వారాంతాలు ముందే నిండిపోతాయి. గుహకు వెళ్లే దారి పొట్టిదే గానీ నిటారుగా ఉంటుంది. రాళ్ల మధ్య సందులు ఎంత ఇరుకంటే వీపు సంచితో దూరలేరు, నీళ్ల సీసా చేత్తో పట్టుకోండి. ఇసుకరాయి తడిస్తే జారుతుంది. వాన పడిన మర్నాడు పొద్దున్నే ఎక్కొద్దు. వసంతం నుంచి నెత్తురు పీల్చే పిడుదులు పట్టుకుంటాయి, ప్యాంటు కాళ్లు సాక్సుల్లోకి దోపుకోవాలి.

అసలు పెద్ద కథ ఓక్లహోమాలోనే ఉన్న విచిటా కొండలది. 1875-76 చలికాలంలో జెస్సీ, అతని అన్న ఫ్రాంక్ మెక్సికన్ల నుంచి 20 లక్షల డాలర్ల బంగారం కొట్టేసి, 18 గాడిదల మీద తోలుకొస్తూ, మంచు తుపానులో చిక్కుకుని కాష్ క్రీక్ దగ్గర పాతేశారని చెబుతారు. లెక్క కట్టి చూద్దాం. అప్పటి బంగారం ధర ట్రాయ్ ఔన్సుకు, అంటే దాదాపు 31 గ్రాములకు, 20.67 డాలర్లు. ఆ లెక్కన బంగారం దాదాపు 3,000 కిలోలు, గాడిదకు 167 కిలోలు. దూరప్రయాణంలో గాడిద మోయగలిగేది అందులో మూడో వంతు. పైగా 1876 సెప్టెంబరు 7న ఆ ముఠా ఎక్కడో ఉత్తరాన మిన్నెసోటాలోని నార్త్‌ఫీల్డ్ బ్యాంకు మీద పడి, మనుషుల్ని పోగొట్టుకుని, 26 డాలర్ల 70 సెంట్లతో పారిపోయింది. మూడు టన్నుల బంగారం ఉన్నవాళ్లు అంత దూరం ఎందుకు పోతారు? అయినా 1907లో ఫ్రాంక్ జేమ్స్ ఈ కొండలకు దగ్గర్లోని ఫ్లెచర్ ఊరి దగ్గర పొలం కొని కాపురం పెట్టిన మాట నిజం, కథ చావకపోవడానికి అదే కారణం.

విచిటా మౌంటెన్స్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్‌లోకి ప్రవేశం ఉచితం. కానీ అనుమతి లేకుండా నిధి వెతకడం ఫెడరల్ నేరం, మెటల్ డిటెక్టర్‌ను కార్లోంచి బయటికే తీయొద్దు. 1979 పురావస్తు చట్టం కింద వందేళ్లు దాటిన వస్తువు తవ్వితే జరిమానాతో పాటు జైలు కూడా పడొచ్చు. పక్కనే ఉన్న ఫోర్ట్ సిల్ సైన్యం ఫిరంగి శిక్షణ స్థలం, కంచె దాటితే పేలని గుండ్ల ప్రమాదం ఉంది.

డిటెక్టర్ వాడాలనుంటే సిమెంట్ ఊరి దగ్గరి కీచీ కొండల వైపు, సొంతదారు రాసిచ్చిన అనుమతితో మాత్రమే వెళ్లండి. అక్కడ కూడా ఆశ తక్కువే. ఇది పాత చమురు క్షేత్రం. పైపు ముక్కలు, మేకులు, ముళ్లతీగ అడుగడుక్కీ మోగుతాయి. డిటెక్టర్‌కుండే మామూలు తీగచుట్ట (కాయిల్) నాణేన్ని పట్టేది అడుగు లోతులోపే. లోతుగా పాతిన పెద్ద మూటకు రెండు పెట్టెల డిటెక్టర్ కావాలి, అది చిన్న ఇనుమును పట్టించుకోదు. నిధి గుర్తులంటూ ఎవరైనా రాళ్ల మీద చెక్కిన తాబేలు, పాము బొమ్మలు చూపిస్తే గాడి లోపలి రంగు చూడండి. చుట్టూ ఉన్న రాయికంటే తెల్లగా ఉంటే అది ఈమధ్య చెక్కిందే.

బసకు విచిటా రెఫ్యూజ్‌లోని డోరిస్ క్యాంప్‌గ్రౌండ్ బాగుంటుంది, చోటు ముందే బుక్ చేసుకోవాలి. గుడారం వద్దనుకునేవాళ్లు దగ్గర్లోని మెడిసిన్ పార్క్ ఊళ్లో గుండ్రాళ్లతో కట్టిన ఇళ్లలో దిగొచ్చు. రాత్రి రోడ్డు మీద అడవిదున్నలు అడ్డం వస్తాయి, చీకటి పడకముందే బస చేరుకోండి.