ఎల్ఎం386 గిటార్ ఆంప్: ఏళ్ల తరబడి వాడాక పవర్ గురించి నా మాట

ఎల్ఎం386 అనే చిన్న ఆడియో ఆంప్లిఫయర్ చిప్ ఉన్న ప్రాక్టీస్ ఆంప్ కొన్నవాళ్లైనా, సొంతంగా చేసుకున్నవాళ్లైనా నెల తిరక్కుండానే అడిగేది ఒకటే: సౌండ్ సరిపోవట్లేదు, పవర్ ఎలా పెంచాలి? ఏళ్లుగా దీని మీదే ప్రాక్టీస్ చేస్తున్నా కాబట్టి సూటిగా చెప్తున్నా. ముందు స్పీకర్ మార్చండి, చిప్ సంగతి తర్వాత.

9 వోల్టులతో, 8 ఓమ్‌ల స్పీకర్ మీద ఈ చిప్ ఇచ్చేది సుమారు 0.7 వాట్, అదీ సౌండ్ కొంత పగులుతూ, 10 శాతం డిస్టార్షన్‌తో. ఒకటో పిన్నుకీ ఎనిమిదో పిన్నుకీ మధ్య కెపాసిటర్ పెడితే గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందో ఆ లెక్క) 20 నుంచి 200కి వెళ్తుంది గానీ పవర్ ఏమీ పెరగదు, సౌండ్ తొందరగా పగులుతుంది అంతే. వాట్లు రెట్టింపు చేసినా వచ్చేది 3 డెసిబెల్సే, చెవికి కాస్త తేడా తెలుస్తుంది. అదే డబ్బాలోని రెండంగుళాల స్పీకర్ తీసేసి పాత 10 అంగుళాల గిటార్ స్పీకర్ తగిలిస్తే, అదే చిప్ గదంతా నింపేస్తుంది. నాది హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో దొరికింది. అక్కడ కొనేటప్పుడు కోన్‌ని రెండు వైపులా వేళ్లతో మెల్లగా లోపలికి నొక్కి చూడండి, గరగరమని రాసుకుంటే వదిలేయండి. మల్టీమీటర్ పెడితే 8 ఓమ్‌ల స్పీకర్ ఆరు, ఏడు చూపిస్తుంది, అది మామూలే.

తర్వాత కరెంటు. చదరం 9 వోల్టుల బ్యాటరీ గట్టిగా వాయిస్తే నీరసపడిపోతుంది, కొన్ని తీగలు కలిపి కార్డ్ కొట్టగానే సౌండ్ కుంగుతుంది. ఆరు పెన్సిల్ సెల్స్ వరసగా కలిపితే అదే 9 వోల్టులు, కానీ ఎంతో నిబ్బరంగా ఉంటుంది. 12 వోల్టుల అడాప్టర్ పెట్టాలంటే చిప్ మీద నంబర్ చదవండి: ఎన్-1, ఎన్-3 రకాలకి 12 వోల్టులే హద్దు, ఎన్-4కి 18 దాకా పర్లేదు. రెగ్యులేషన్ లేని చవక అడాప్టర్లు 12 అని రాసి ఖాళీగా ఉన్నప్పుడు 15 దాటించేస్తాయి, నాదొక చిప్ అలాగే పోయింది.

రెండు చిప్‌లు బ్రిడ్జ్ చేస్తే, అంటే ఒకే స్పీకర్ని రెండు కొసల నుంచీ రెండూ ఎదురెదురుగా నడిపితే, లెక్క ప్రకారం నాలుగు రెట్లు రావాలి. రాదు. ఒక్కో చిప్‌కి స్పీకర్ సగం ఓమ్‌లుగా కనిపిస్తుంది, 8 ఓమ్‌లది పెడితే రెండూ వేడెక్కిపోతాయి. 16 ఓమ్‌ల స్పీకర్ దొరికితేనే ఇది హాయిగా పనిచేస్తుంది.

ఫ్రెండ్‌తో కలిసి వాయించాలి, పక్కన కహోన్ (మీద కూర్చుని వాయించే చెక్కపెట్టె డ్రమ్) మోగుతుంటే మనది కూడా వినపడాలి అంటే 386ని ఇంకా పీడించకుండా టీడీఏ2003కి వెళ్లడమే నయం. కార్ రేడియోల కోసం చేసిన ఐసీ, 14.4 వోల్టులు, 4 ఓమ్‌ల దగ్గర 6 వాట్లు ఇస్తుంది, కోఠి గుజరాతీ గల్లీలో విడి భాగాలన్నీ ఒకేచోట దొరుకుతాయి. వేడి లాగేసే లోహపు రెక్క, హీట్ సింక్, తప్పనిసరి. చిప్‌కి ముందు ఒక ఎఫ్ఈటీ బఫర్ (పికప్ మీద భారం పడకుండా మధ్యలో ఉండే చిన్న ట్రాన్సిస్టర్ సర్క్యూట్) కూడా పెట్టండి, గిటార్ పికప్‌ని నేరుగా ఇలాంటి చిప్‌లకి కలిపితే ట్రెబుల్ చచ్చిపోతుంది. 386 ఇన్‌పుట్ అయితే 50 కిలో ఓమ్‌లే, పికప్‌కి అది చాలా తక్కువ, కాబట్టి మీరు దాంతోనే ఆగిపోయినా సరే, ఈ బఫర్ మాత్రం మానకండి.