సిరీస్ పరిచయం చేసేటప్పుడు మొదట ఏ పుస్తకం ఇవ్వాలి? మూడు వరుసల్లో ఏది మేలు

నచ్చిన సిరీస్ గురించి తోటి పాఠకులకు చెప్పగానే వచ్చే మొదటి ప్రశ్న, "ఏ పుస్తకంతో మొదలెట్టాలి?" అని. "మొదటిదానితో" అంటే చాలదు. పెద్ద సిరీస్‌లు చాలావాటికి మొదటి పుస్తకాలు రెండుంటాయి. రచయిత ముందు రాసింది ఒకటి, కథాకాలం ప్రకారం ముందు జరిగేది ఇంకొకటి. ఈ రెండూ కాక, అందరూ మెచ్చుకునే పుస్తకం ఎక్కడో మధ్యలో ఉంటుంది. తప్పుది చేతికిస్తే ముప్పై నలభై పేజీల దగ్గర పక్కన పెట్టేస్తారు, ఇక ఆ రచయిత జోలికే రారు. అందుకని ఈ ఎంపిక మీద కాస్త శ్రద్ధ పెట్టాలి.

ముందే తేల్చి చెప్పాలంటే, ఒకే పెద్ద కథ నడిచే సిరీస్‌కి అచ్చైన వరుస మేలు. ఏ కేసుకా కేసు విడిగా ఉండే డిటెక్టివ్ సిరీస్‌కి మధ్యలోని మంచి పుస్తకం మేలు. కథాకాలం వరుస రెండోసారి చదివేవాళ్ళ కోసం. దీనికి మినహాయింపులున్నాయి, వాటి సంగతీ చూద్దాం. ఏ సిరీస్‌కైనా వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: పాఠకుడికి ఏ సంగతి తెలియకుండా ఉంచాలని రచయిత అనుకున్నాడు? దాన్ని ముందే బయటపెట్టేసే పుస్తకం వెనక్కి పోవాలి.

అచ్చైన వరుస, కథాకాలం వరుస

ఈ తగాదాకి అందరికీ తెలిసిన ఉదాహరణ సి.ఎస్. లూయిస్ పిల్లల కోసం రాసిన నార్నియా సిరీస్. ఏడు పుస్తకాలు, 1950 నుంచి 1956 దాకా ఏడాదికొకటి చొప్పున వచ్చాయి. మొదట వచ్చింది 'ది లయన్, ది విచ్ అండ్ ది వార్డ్‌రోబ్'. ఆరోదిగా 1955లో వచ్చిన 'ది మెజీషియన్స్ నెఫ్యూ' మాత్రం నార్నియా లోకం ఎలా పుట్టిందో చెబుతుంది, అంటే కథాకాలంలో అన్నిటికంటే ముందుది. 1994లో హార్పర్‌కాలిన్స్ సెట్లలో దీనికే ఒకటో నంబరు ఇచ్చారు. ఇప్పుడు షాపులో సెట్టు కొంటే పుస్తకాల మీద ఆ నంబర్లే కనిపిస్తాయి, పిల్లలకి కొనేవాళ్ళు ఆ ప్రకారమే చదివిస్తారు.

నష్టం ఎక్కడ జరుగుతుందో 'లయన్'లో ఒక చోటు చూస్తే తెలుస్తుంది. నార్నియాలోకి వచ్చిన పిల్లలతో బీవర్ అనే మాట్లాడే జంతువు గుసగుసగా అస్లాన్ పేరు ఎత్తుతుంది. అస్లాన్ ఎవరో మీకు ఎంత తెలుసో ఆ పిల్లలకీ అంతే తెలుసు అని రచయిత నేరుగా పాఠకుడితో అంటాడు. అంటే ఎవరికీ ఏమీ తెలియదని. 'మెజీషియన్స్ నెఫ్యూ' ముందే చదివినవాళ్ళకి అస్లాన్ బాగా తెలుసు, కాబట్టి వాళ్ళ విషయంలో ఆ వాక్యం అబద్ధమైపోతుంది. మంచు కురుస్తున్న అడవి మధ్యలో ఒంటరిగా వెలుగుతున్న దీపస్తంభం కూడా అంతే. అది అక్కడికెలా వచ్చిందని ఐదు పుస్తకాల పాటు మనసులో ఉండిపోవాల్సిన ప్రశ్నకి జవాబు ముందే దొరికిపోతుంది. కథాకాలం వరుసే బాగుందనిపిస్తోందని 1957లో లూయిస్ ఒక బాల పాఠకుడికి ఉత్తరం రాసిన మాట నిజమే. ఏ వరుసలో చదివినా పెద్దగా ఫరవాలేదేమోనని అదే ఉత్తరంలో అన్నాడు కూడా. అయినా పుస్తకంలోని వాక్యాలు వేరే మాట చెబుతున్నాయి. రచయిత ఉత్తరం కంటే రచయిత పుస్తకానికే ఎక్కువ విలువ ఇవ్వాలి.

ఐజాక్ అసిమోవ్ సైన్స్ ఫిక్షన్ సిరీస్ 'ఫౌండేషన్' దగ్గర నష్టం ఇంకా ఎక్కువ. అసలు మూడు పుస్తకాలు 1951, 1952, 1953లో వచ్చాయి. దాదాపు ముప్పై ఏళ్ళ తర్వాత, 1982లో, అసిమోవ్ మళ్ళీ అందుకుని, చివర్లో కథకి ముందు జరిగిన సంగతులు రెండు పుస్తకాలుగా రాశాడు: 1988లో 'ప్రెల్యూడ్ టు ఫౌండేషన్', ఆయన పోయాక 1993లో వచ్చిన 'ఫార్వర్డ్ ది ఫౌండేషన్'. కథాకాలం ప్రకారం ఈ రెండూ ముందు చదివితే, మూడో పుస్తకంలో అందరూ వెతికే రెండో ఫౌండేషన్ గుట్టు చాలావరకు అక్కడే తెలిసిపోతుంది. ఇక ఆ వెతుకులాటలో పట్టేం ఉంటుంది? కొత్తవాళ్ళకి 1951 పుస్తకం ఒక్కటి ఇవ్వండి. అది విడివిడి కథల కూర్పు, మనుషులు మారిపోతుంటారు, మధ్యలో దశాబ్దాలు గడిచిపోతాయి. ఆ సంగతి ముందే చెప్పకపోతే, ఇప్పుడే పరిచయమైన హారీ సెల్డన్ ఏమైపోయాడని తికమకపడతారు. మూడు పుస్తకాలయ్యాక ఆగిపోయినా లోటు లేదని కూడా చెప్పండి.

తమిళం నుంచి తెలుగుకి వచ్చి మనవాళ్ళు ఇష్టంగా చదువుకున్న కల్కి నవలల దగ్గర మాత్రం తీర్పు కొంచెం మెత్తబడుతుంది. 'పార్థిబన్ కనవు' 1941 నుంచి 1943 దాకా, 'శివగామియిన్ శపథం' 1944 నుంచి 1946 దాకా ధారావాహికలుగా వచ్చాయి. కథలో చూస్తే శివగామే ముందు. చాళుక్యుల రాజధాని వాతాపి మీద పల్లవుల దండయాత్ర అందులో ఉంది. పార్థిబన్ కథ నాటికి ఆ యుద్ధం ముగిసిపోయింది, పల్లవ రాజు నరసింహవర్మ పెద్దవాడయ్యాడు. వాతాపి ఓడిపోతుందని చరిత్రే చెప్పేసింది కాబట్టి 'పార్థిబన్ కనవు' ముందు చదివితే శివగామి కథకి వచ్చే లోటేమీ లేదు. అక్కడ పాఠకుణ్ణి పట్టి ఉంచేది శివగామి ఏమవుతుందన్న ఆత్రుత. తిరగేసి చదివితే మాత్రం చిన్న నష్టం ఉంది. 'పార్థిబన్ కనవు'లో ఒక మారువేషం ఉంది, శివగామి చదివొచ్చినవాళ్ళకి దాని గుట్టు త్వరగా తెలిసిపోతుంది. పైగా పార్థిబన్ ఒకే సంపుటం, శివగామి నాలుగు భాగాలు. పరిచయానికి చిన్నదే మంచిది.

2022, 2023లలో సినిమాలు వచ్చాక చాలామంది 'పొన్నియిన్ సెల్వన్'తోనే మొదలుపెడుతున్నారు. అది 1950 నుంచి 1954 దాకా ఐదు భాగాలుగా వచ్చిన చోళుల కథ. పల్లవుల కథలకి మూడు వందల ఏళ్ళ తర్వాతది, కాబట్టి విడిగా చదవొచ్చు. ఒక్క జాగ్రత్త చెప్పండి: పార్థిబన్ కథలోని కుందవి పల్లవ రాకుమారి, పొన్నియిన్ సెల్వన్‌లోని కుందవై చోళ రాకుమారి. ఇద్దరూ ఒకరే అనుకుని గజిబిజి పడేవాళ్ళున్నారు.

డిటెక్టివ్‌ల దగ్గర లెక్క వేరు

షెర్లాక్ హోమ్స్‌ని అచ్చైన వరుసలో ఇస్తే ముందు వచ్చేది 1887 నాటి 'ఎ స్టడీ ఇన్ స్కార్లెట్'. హోమ్స్, వాట్సన్ కలుసుకునే ఘట్టం అందులో ఉంది కాబట్టి అదే సరైన ఆరంభం అనిపిస్తుంది. కానీ సగానికి వచ్చేసరికి హంతకుడు దొరికిపోతాడు. ఉన్నట్టుండి కథ అమెరికాలోని యూటాకి వెళ్ళిపోయి, వరసగా ఐదు అధ్యాయాలు హోమ్స్ అన్నవాడే కనిపించడు. కొత్త పాఠకులు పుస్తకం మూసేసేది అక్కడే. కథాకాలం వరుస ఇంకా అన్యాయం. హోమ్స్ మొదటి కేసు 'ది గ్లోరియా స్కాట్', కానీ అది ఏళ్ళ తర్వాత హోమ్స్ వాట్సన్‌కి చెప్పే పాత జ్ఞాపకం. ఆ స్నేహం పరిచయం కాకుండా దానికి రుచి రాదు. పైగా కోనన్ డాయిల్ కాలాలు సరిచూసుకుంటూ రాసినవాడు కాదు. 1893లో వచ్చిన 'ది ఫైనల్ ప్రాబ్లమ్'లో హోమ్స్ శత్రువు మోరియార్టీ పేరే వినలేదంటాడు వాట్సన్. 1914లో మొదలైన 'ది వ్యాలీ ఆఫ్ ఫియర్'లో కథ అంతకుముందే జరిగినా, ఆ పేరు వాట్సన్‌కి తెలుసు. ఇలాంటివాటిని కాలక్రమంలో పేర్చాలని చూస్తే తేలేది ఏమీ ఉండదు.

కాబట్టి హోమ్స్‌కి సరైన మొదటి పుస్తకం 1892 నాటి 'ది అడ్వెంచర్స్ ఆఫ్ షెర్లాక్ హోమ్స్', పన్నెండు కథలు. అందులోనూ ముందు 'ది రెడ్-హెడెడ్ లీగ్', తర్వాత 'ది స్పెకిల్డ్ బ్యాండ్' చదవమనండి. ఒక్కొక్కటీ ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది. నవలే కావాలంటే 'ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్' ఇవ్వండి. మొత్తం నాలుగు నవలలు, యాభై ఆరు కథలు. వరుస తప్పకూడనిది ఒక్క చోటే: 'ది ఫైనల్ ప్రాబ్లమ్' తర్వాతే 'ది ఎంప్టీ హౌస్'.

అగాథా క్రిస్టీ రాసిన డిటెక్టివ్ పోయిరో నవలలు ముప్పై మూడు. వీటిని ఎక్కడి నుంచైనా మొదలెట్టొచ్చు అని అంటూ ఉంటారు. అది ముప్పాతిక నిజం. మిగిలిన పాతిక తెలియకపోతే ఐదు మంచి నవలలు పాడవుతాయి. 1937లో వచ్చిన 'డంబ్ విట్‌నెస్'లో పోయిరో మాటల మధ్యలో పాత కేసుల హంతకుల పేర్లు నాలుగు వరసగా చెప్పేస్తాడు. అవి 'స్టైల్స్', 'రోజర్ ఆక్రాయిడ్', 'బ్లూ ట్రైన్', 'డెత్ ఇన్ ది క్లౌడ్స్' నవలలవి. 1936 నాటి 'కార్డ్స్ ఆన్ ది టేబుల్'లో ఒక కత్తి చూపిస్తూ 1934 నాటి 'మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్' గుట్టంతా ఒక్క వాక్యంలో విప్పేస్తాడు. అందుకని ఈ వరుస ఇవ్వండి: ముందు 1936 నాటి 'ది ఎ.బి.సి. మర్డర్స్', తర్వాత ఓరియంట్ ఎక్స్‌ప్రెస్, ఆ తర్వాత 1926 నాటి రోజర్ ఆక్రాయిడ్. ఆక్రాయిడ్‌ని మొట్టమొదట ఇవ్వొద్దు. క్రిస్టీ కథ చెప్పే తీరుకి అలవాటు పడ్డవాళ్ళకే ఆ దెబ్బ పూర్తిగా తగులుతుంది. ఎందుకన్నది చెబితే నవల పోతుంది. 'కర్టెన్' అన్నిటికంటే చివర, అందులో అనుమానం లేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రాసి దాచిపెట్టి 1975లో అచ్చు వేయించిన ఆఖరి కేసు అది.

బెంగాలీ డిటెక్టివ్ వ్యోమకేశ్ బక్షి విషయంలో మాత్రం రాసిన వరుస పక్కన పెట్టాలి. శరదిందు బందోపాధ్యాయ ముందు రాసింది 'పథేర్ కాంటా', తర్వాత 'సీమంత హీరా'. సిరీస్‌గా సాగించాలని అనుకున్నాకే వ్యోమకేశ్, అతని మిత్రుడు అజిత్ మొదటిసారి కలుసుకునే 'సత్యాన్వేషి' రాశాడు. మొదలు పెట్టాల్సింది దానితోనే. అక్కడి నుంచి వరుస తప్పకూడదు, ఎందుకంటే ఈ డిటెక్టివ్‌కి వయసొస్తుంది. 'అర్థమనర్థం'లో సత్యవతి పరిచయమవుతుంది, పెళ్ళి, సంసారం వస్తాయి. 'ఆదిమ్ రిపు' వచ్చేసరికి చుట్టూ 1946 నాటి కలకత్తా అల్లర్లు ఉంటాయి. 1993 దూరదర్శన్ సీరియల్ చూసినవాళ్ళకి ఈ కథలు తేలిగ్గా ఎక్కుతాయి. పన్నెండేళ్ళ పిల్లలకి ఇవ్వాలంటే వ్యోమకేశ్ కాదు, సత్యజిత్ రాయ్ రాసిన డిటెక్టివ్ ఫెలూదా కథలు ఇవ్వండి. ఆ సిరీస్ 1965లో మొదలైనా, జటాయు అనే తమాషా రచయిత పాత్ర అడుగుపెట్టే 1971 నాటి 'సోనార్ కెల్లా'తోనే పిల్లలు పట్టుబడతారు.

మన సిరీస్ ఒకటి

విశ్వనాథ సత్యనారాయణ పురాణవైర గ్రంథమాలలో పన్నెండు నవలలున్నాయి, 'భగవంతుని మీది పగ' నుంచి 'నివేదిత' దాకా. రాజవంశాల వరుసలోనే సాగుతాయి కాబట్టి రెండు వరుసల తగాదా ఇక్కడ లేదు. మన చరిత్రకి యూరప్‌వాళ్ళు కట్టిన కాలనిర్ణయం తప్పు, పురాణాలు చెప్పిందే సరి అన్న వాదం మీద ఈ మాల నిలబడింది. ఆ వాదంతో పరిచయం లేనివాళ్ళకి మొదటి నవల బరువుగా అనిపిస్తుంది. అలాంటివాళ్ళకి నాలుగోది 'నందోరాజా భవిష్యతి', ఐదోది 'చంద్రగుప్తుని స్వప్నము' జతగా ఇవ్వడం మేలు. నందులు, చాణక్యుడు, చంద్రగుప్తుడు బడిలోనే తెలిసినవాళ్ళు కాబట్టి, విశ్వనాథ ఎక్కడ వేరే దారి పట్టాడో పాఠకుడికి వెంటనే కనిపిస్తుంది. నచ్చితే వెనక్కి వెళ్ళి ఒకటి నుంచి పన్నెండు దాకా చదువుకుంటారు.

కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలు దేనికది. ఏది దొరికితే అది ఇవ్వొచ్చు. పాత ప్రతి అయితే చివరి పేజీలు ఉన్నాయో లేదో మీరు ముందే చూసి ఇవ్వండి. హంతకుడు తేలే పేజీ చిరిగిపోయిన పుస్తకం ఇవ్వడం కంటే ఇవ్వకపోవడం నయం.

చేతికిచ్చేటప్పుడు

వెన్ను మీది నంబరు నమ్మొద్దు. పేరు పేజీ వెనక ప్రచురణ వివరాల్లో మొదటి ముద్రణ ఏడాది ఉంటుంది, వరుసకి అదే ఆధారం. రెండు పేర్లతో తిరిగే నవలలున్నాయి. ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ అమెరికాలో 'మర్డర్ ఇన్ ది కలే కోచ్' పేరుతో వచ్చింది. 'డెత్ ఇన్ ది క్లౌడ్స్' అక్కడ 'డెత్ ఇన్ ది ఎయిర్'. పాత పుస్తకాల షాపుల్లో కొనేవాళ్ళు ఒకే నవల రెండుసార్లు కొనేస్తారు.

ఒకసారికి ఒక్క పుస్తకమే ఇవ్వండి, వీలైతే మూడు వందల పేజీల లోపుది. ఐదు సంపుటాలు ఒకేసారి ఇస్తే అవి అప్పులా కనిపిస్తాయి, ఒక్కటీ కదలదు. ఇస్తూ చెప్పాల్సిన మాటలు రెండే: ఎక్కడ నెమ్మదిస్తుంది, ఎక్కడ ఆగినా లోటు ఉండదు. కథ చెప్పకండి. వెనక అట్ట మీది సారాంశం, క్లాసిక్ ముద్రణల్లో విమర్శకులు రాసే ముందుమాట చదవొద్దని గట్టిగా చెప్పండి. ముగింపుతో సహా అంతా చర్చించే ముందుమాటలు చాలా ఉన్నాయి. వాటిని నవల అయ్యాక చదువుకోవచ్చు.