క్రెడిట్ రికవరీకి ప్రాజెక్టుల కోర్సు: మా వాడితో చేయించాక నా మాట

అమెరికా హైస్కూల్లో ఒక సబ్జెక్టు పాసైతే క్రెడిట్ ఇస్తారు, అవి సరిపడా ఉంటేనే స్కూలు పూర్తయినట్టు; తప్పిన క్రెడిట్‌ని మళ్ళీ తెచ్చుకోవడమే క్రెడిట్ రికవరీ. ముందే చెప్పేస్తున్నాను, మా వాడు దానికోసం చేసిన ఈ ఆన్‌లైన్ కోర్సుకి అయిదుకి నాలుగిస్తాను, ఆ నాలుగులో మూడు మా వాడికి దొరికిన టీచరమ్మవే. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే అదే కంపెనీలో ఇంకో టీచరు చేతిలో పడితే మీ అనుభవం వేరేగా ఉండొచ్చు. ఇలాంటి కోర్సు ఎవరు అమ్మినా ఏం చూసుకోవాలో చెప్పడమే నాకు ముఖ్యం.

మేముండేది టెక్సస్‌లో. మా వాడికి తొమ్మిదో తరగతి బయాలజీ మొదటి సెమిస్టర్లో 74 వచ్చింది, రెండో దాంట్లో 61కి పడిపోయింది. ఇక్కడ రెండు సెమిస్టర్ల సగటు 70 గానీ ఆ పైన గానీ ఉంటే మొత్తం క్రెడిట్ ఇచ్చేస్తారు, మా వాడికి అంత రాలేదు, కాబట్టి రెండో సగం, అంటే అర క్రెడిట్, మళ్ళీ తెచ్చుకోవాలి. ఇక్కడి మన వాళ్ళల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) అనే కాలేజీ స్థాయి క్లాసుల గురించి ఎంతసేపైనా మాట్లాడుకుంటాం గానీ పిల్లాడు ఫెయిలయ్యాడంటే ఇంట్లో వాళ్ళకి తప్ప తెలియనివ్వం, దాంతో ఎవరిని అడగాలో తెలియక తల్లిదండ్రులు ఒంటరిగా టెన్షన్ పడతారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇంకో మాట, క్రెడిట్ పోవడానికి మార్కులే కారణం కానక్కర్లేదు. టెక్సస్‌లో క్లాసు జరిగిన రోజుల్లో 90 శాతం హాజరు ఉండాలి. పెళ్ళికని ఇండియా వెళ్ళి నెల రోజులు ఉండిపోయిన కుటుంబాలకి ఈ సంగతి తిరిగొచ్చాకే తెలుస్తుంది. మార్కులుండి హాజరు ఒక్కటే తగ్గితే వెంటనే డబ్బు కట్టి కోర్సులో చేర్చకండి, స్కూలు అటెండెన్స్ కమిటీకి అప్పీల్ చేసుకునే దారి ఉంది, ముందు అది చూడండి.

సరే, కోర్సు సంగతి. మామూలుగా క్రెడిట్ రికవరీ అంటే ఒక ల్యాబ్‌లోనో ఇంట్లోనో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టడమే: వీడియో, దాని కింద క్విజ్, మళ్ళీ వీడియో. ముందే పరీక్ష పెట్టి, వచ్చిన పాఠాలని దాటేయనిస్తారు కూడా. ఫెయిలైన పిల్లాడికి ఇదెంతవరకు పనికొస్తుందన్నది నా అనుమానం మాత్రమే కాదు. చికాగోలో 2011, 2012 వేసవుల్లో తొమ్మిదో తరగతి ఆల్జీబ్రా రెండో సెమిస్టర్ తప్పిన 1,224 మందిని లాటరీ పద్ధతిలో ఆన్‌లైన్ కోర్సుకీ మామూలు క్లాసుకీ పంచి చూశారు. టీచరు ఎదురుగా ఉన్న క్లాసులో 76 శాతం మంది క్రెడిట్ తెచ్చుకుంటే ఆన్‌లైన్లో 66 శాతం మందే తెచ్చుకున్నారు. మా వాడి స్కూల్లో ఉచితంగా ఇచ్చేది వీడియోలూ క్విజ్‌ల రకమే. బయటి కోర్సుకి 300 డాలర్ల పైచిలుకు కట్టాం, ఆ డబ్బు గురించి మా ఇంట్లో చర్చ కాస్త గట్టిగానే జరిగింది.

ప్రాజెక్టుల కోర్సులో క్విజ్‌లు దాదాపు లేవు. నాలుగు ప్రాజెక్టులు, ప్రతిదానికీ ఒక ప్రశ్న, డ్రాఫ్టు, టీచరు వ్యాఖ్యలు, మళ్ళీ డ్రాఫ్టు, చివర్లో వీడియో కాల్‌లో టీచరు ముందు కూర్చుని జవాబు చెప్పుకోవడం. మొదటిది దగ్గర్లో ఉన్న వాగు నీళ్ళు చేపలు బతకడానికి పనికొస్తాయా అన్న ప్రశ్న. రంగు మారే మాత్రల కిట్ పంపారు. నీళ్ళలో కరిగిన ఆక్సిజన్‌ని పొద్దున్నే ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూడాలి. నీళ్ళు వేడెక్కితే ఆక్సిజన్ తక్కువ కరుగుతుందని చదివాడు కాబట్టి మధ్యాహ్నం తగ్గుతుందని ముందే రాసిపెట్టుకున్నాడు. తీరా చూస్తే పొద్దున లీటరుకి 4 మిల్లీగ్రాముల రంగొచ్చింది, మధ్యాహ్నం 8 రంగొచ్చింది. కిట్ పాడైందని రాసి పంపేశాడు. ఆ టీచరమ్మ మార్కులు వెయ్యకుండా ఒకే ఒక్క ప్రశ్న రాసి వెనక్కి పంపింది: ఆ నీళ్ళలో పచ్చగా ఏముంది?

అక్కణ్ణించి నాచు, పగలు ఎండలో అది ఆక్సిజన్ వదలడం, రాత్రంతా అదే నాచు మిగతా జీవాలతో పాటు ఆక్సిజన్ పీల్చుకోవడం, తెల్లవారేసరికి నీళ్ళలో అది అడుగంటడం, ఆ నాచు అంతలా పెరగడానికి వానకి లాన్లలోంచి కొట్టుకొచ్చే ఎరువులు కారణం కావడం, ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ అని స్కూల్లో రెండు వేరు వేరు చాప్టర్లుగా చదివి పరీక్షలో తారుమారు చేసి రాసినవి, ఇక్కడ ఒకే వాగులో పగలూ రాత్రీగా కనిపించాయి వాడికి. డిన్నర్ దగ్గర వాళ్ళ నాన్నకి వివరిస్తుంటే విన్నాను, ఎక్కడా తడబడలేదు. నాకు కళ్ళు చెమర్చాయి, నిజంగానే.

అన్ని ప్రాజెక్టులూ ఇలా లేవు. జెనెటిక్స్ ప్రాజెక్టు తేలిపోయింది. ఒక జన్యు వ్యాధి మీద పోస్టర్ చెయ్యమన్నారు, అది ఇంటర్నెట్‌లోంచి ఎత్తిరాసినా గడిచిపోయే పని. తల్లిదండ్రుల జన్యువులు పిల్లలకి ఎలా కలిసి రావచ్చో చూపే పన్నెట్ స్క్వేర్ పట్టిక నాలుగు గళ్ళు గీయించారు, అంతే. మూడోది గ్రూపు ప్రాజెక్టు, అది అసలు పనిచెయ్యలేదు: ఇలాంటి కోర్సుల్లో పిల్లలు ఎవరికి వీలైన రోజున వాళ్ళు చేరుతుంటారు కాబట్టి మా వాడి జతలో ఒకడు అప్పటికే పూర్తిచేసుకుని వెళ్ళిపోయాడు, ఇంకొకరు మొదలే పెట్టలేదు. కంపెనీకి రాస్తే ఒంటరిగా చేసుకోనిచ్చారు గానీ ఆ జవాబు రావడానికి చాలా ఆలస్యమైంది. పైగా డెడ్‌లైన్లు మెత్తగా ఉంటాయి. తనంతట తాను పని మొదలుపెట్టలేని పిల్లలే ఎక్కువగా ఫెయిలవుతారు, వాళ్ళకి మెత్తటి డెడ్‌లైన్ ఇవ్వడం సాయం కాదు. వారానికొకసారి ఫలానా రోజు, ఫలానా గంట అని టీచరుతో మాట్లాడే ఏర్పాటు ఉందా లేదా, చేరకముందు అడగండి. లేదంటే ఎంత అందమైన ప్రాజెక్టులున్నా నేనైతే డబ్బు కట్టను.

డబ్బు కట్టకముందు స్కూలు కౌన్సెలర్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, కోర్సు అయ్యాక తీసుకెళ్తే ఒప్పుకుంటారన్న గ్యారంటీ లేదు. జీపీఏ (అన్ని గ్రేడుల సగటు) సంగతి కూడా అప్పుడే అడగండి, చాలా చోట్ల పాత ఎఫ్, అంటే ఫెయిల్ గ్రేడు, ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల రికార్డు) మీద అలాగే ఉండి, కొత్త క్రెడిట్ పక్కన చేరుతుంది. కాలేజీలు మళ్ళీ ఎవరి పద్ధతి వాళ్ళది: యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా డి గానీ ఎఫ్ గానీ వచ్చిన కోర్సుని మళ్ళీ చేసి సి లేదా పైన తెచ్చుకుంటే కొత్త గ్రేడునే లెక్కలో వేసుకుంటుంది. అందుకని ఉత్త పాస్ అని కాకుండా అక్షరం గ్రేడు ఇస్తారా అన్నది చిన్న విషయం కాదు. మీ పిల్లలు కాలేజీలో ఆటలు ఆడాలనుకుంటుంటే కాలేజీ ఆటలని నడిపే ఎన్‌సీఏఏ సంస్థ నిబంధనలు ఇంకా కఠినం, టీచరుతో క్రమం తప్పని సంబంధం లేని కోర్సుని వాళ్ళు లెక్కలోకే తీసుకోరు.

లెక్కలకి మాత్రం ఈ పద్ధతి నాకు నమ్మకంగా లేదు. మా వాడి స్నేహితుడు ఇదే కంపెనీలో ఆల్జీబ్రా చేశాడు, ఫోన్ ప్లాన్ల ఖర్చు పోల్చే ప్రాజెక్టు బాగానే చేశాడు, కానీ ఫ్యాక్టరింగ్ (కారణాంకాలుగా విడగొట్టడం) ఇప్పటికీ రాదు, ఎందుకంటే అది చేతికి అలవాటయ్యేదాకా సాధన చెయ్యాల్సిన పని. సైన్స్, సోషల్ స్టడీస్, ఇంగ్లీషుకి చూడండి, ఆల్జీబ్రాకి మనిషిని పెట్టి చెప్పించండి.

క్రెడిట్ వచ్చినంత మాత్రాన టెక్సస్‌లో పని అయిపోదు, హైస్కూల్ డిప్లొమాకి రాష్ట్రం పెట్టే స్టార్ (STAAR) పరీక్ష బయాలజీలో విడిగా పాస్ కావాలి. కోర్సులో ఆ పరీక్ష ఊసే లేదు. నాలుగో ప్రాజెక్టు అయ్యాక పాత ప్రశ్నపత్రాలు ఇంట్లోనే చేయించాం. పర్యావరణం, శక్తి మార్పిడి ప్రశ్నలు చకచకా చేసేస్తున్నాడు, జెనెటిక్స్ దగ్గర ఆగిపోతున్నాడు, కోర్సు ఎక్కడ గట్టిదో ఎక్కడ బలహీనమో అచ్చం అలాగే. ఆ పరీక్ష డిసెంబర్లో మళ్ళీ పెడతారు కాబట్టి ఈలోపు పన్నెట్ స్క్వేర్లు మా ఆయన చెబుతున్నాడు.