నాన్న కుర్చీ దాకా బాస్ రావడానికి రెండేళ్లు పట్టింది

మా హాల్లో రెండు సబ్‌వూఫర్లు, అంటే లోతైన బాస్ శబ్దాల కోసమే పెట్టే పెద్ద స్పీకర్లు, ఉన్నాయంటే "కింద ఇంటివాళ్లు ఇంకా కేసు పెట్టలేదా?" అని అడుగుతారు. నిజానికి రెండోది వచ్చాకే మా ఇంట్లో మోత తగ్గింది.

వాట్లు, రేటింగులు వదిలేస్తున్నా, అవి ఎక్కడైనా దొరుకుతాయి. రెండూ ఒకే మోడల్, 12 అంగుళాల స్పీకరున్న, గాలి రంధ్రం లేని సీల్డ్ బాక్సులు. మొదటిది 2021లో కొత్తది కొన్నాను. ఆ మోడల్ తర్వాత ఆపేశారు కాబట్టి రెండోదాన్ని 2023 చివర్లో సెకండ్ హ్యాండ్‌లో వెతికి పట్టుకున్నాను.

హోమ్ థియేటర్ అనగానే నల్ల గోడలు, రిక్లైనర్లు ఊహించుకోకండి. విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాటు, 16 అడుగుల పొడవు, 11న్నర అడుగుల వెడల్పు హాలు. టీవీ అందులోనే, డైనింగ్ టేబులూ అందులోనే. పిల్లల హోంవర్కు, ఇస్త్రీకి వెళ్లాల్సిన బట్టల కుప్ప, అమ్మ సీరియల్సు అన్నీ అక్కడే. పక్క గోడకి, వెనక మూలకి దగ్గరగా, ఇత్తడి గంటలు వరసగా బిగించిన పూజగది తలుపు.

మొదటి సబ్‌ని టీవీ పక్కన మూలలో పెట్టాను. కొట్టువాడు చెప్పింది అదే, ఖాళీ ఉన్నదీ అదే. వెనక గోడకి ఆనించిన సోఫాలో కూర్చుంటే గుండె అదిరేది. స్నేహితులందరికీ ఫోన్ చేసి మరీ పొగిడాను. ఆ పొగడ్తలో సగం ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి. బాస్ గిటార్ మీద మూడు స్వరాలు వాయించినా నాకు వినబడింది ఒకటే "బుమ్". అప్పట్లో అదే గొప్పనుకున్నాను.

హాలు మధ్యలో నాన్న పేము కుర్చీ ఉంటుంది. సినిమాలో ఇల్లు కూలిపోతుంటే ఆయన తాపీగా, "ఏరా, దీనికా అంత డబ్బు పోశావు? చప్పుడేదీ?" అనేవారు. అదే సీనుకి వంటింటి గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ, "ఏవండీ, తగ్గిస్తారా లేదా?" అని కేకలు. నాన్నకి వినికిడి తగ్గిందనుకుని చెవుల డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లాను. చెవులు శుభ్రంగా ఉన్నాయన్నారు. ఒకరోజు ఆయన లేచి వెళ్లాక నేనే ఆ కుర్చీలో కూర్చున్నాను. బాస్ మాయం!

తప్పు ఆయన చెవులది కాదు, గదిది. శబ్దం సెకనుకి 343 మీటర్లు పోతుంది. దాన్ని మీటర్లలో గది పొడవుకి రెట్టింపుతో భాగిస్తే మా హాలుకి 35 హెర్ట్జ్, అంటే సెకనుకి 35 కంపనాలు, వస్తుంది. ఆ స్వరం రెండు చివరి గోడల దగ్గర ఉబ్బిపోయి, సరిగ్గా మధ్యలో అణిగిపోతుంది. సోఫా ఉబ్బులో ఉంది, నాన్న కుర్చీ గుంటలో ఉంది. మూలలో పెట్టిన సబ్ ఈ గొడవని ఇంకా రెచ్చగొడుతుంది. అమెరికాలో చెక్క ఫ్రేముకి జిప్సం బోర్డు కొట్టిన గోడలు బాస్‌ని కొంత మింగేస్తాయి, కొంత బయటికి వదిలేస్తాయి. మన ఇటుక గోడలు వచ్చింది వచ్చినట్టే తిప్పికొడతాయి. రెండంగుళాల ఫోమ్ పలకలు అతికించమని ఒకాయన సలహా ఇస్తే అదీ చేశాను. దాదాపు పది మీటర్ల పొడవున్న అలని రెండంగుళాల ఫోమ్ ఏం ఆపుతుంది? ఆ పలకలు ఇప్పుడు పిల్లల సైకిల్ కింద పరిచి ఉన్నాయి.

సబ్‌ని మనం కూర్చునే చోట పెట్టి, నేల మీద పాకుతూ బాస్ ఎక్కడ సమంగా వినిపిస్తే అక్కడికి దాన్ని మార్చాలనే పాత చిట్కా ఒకటుంది. ఒక ఆదివారం సబ్‌ని నాన్న కుర్చీలోకి ఎక్కించి హాలంతా పాకాను. అమ్మ చూసి "ఏం పారేసుకున్నావురా?" అని తనూ వంగి వెతకడం మొదలుపెట్టింది. చివరికి మంచి చోటు దొరికింది, సరిగ్గా డైనింగ్ టేబుల్ కింద. పైగా అది ఒక్క కుర్చీకే పరిష్కారం. సోఫా సంగతి మళ్లీ మొదటికొచ్చింది.

అప్పుడే హర్మన్ అనే ఆడియో కంపెనీలో టాడ్ వెల్టీ 2002లో చేసిన పరిశోధన గురించి చదివాను. దీర్ఘచతురస్రపు గదిలో ఎదురెదురు గోడల నడిమధ్యన ఒక్కో సబ్ పెడితే సీటుకీ సీటుకీ తేడా బాగా తగ్గుతుందని దాని సారం. మా గదికి లెక్క వేస్తే, రెండు చివర్ల నుంచి ఒకేసారి తోస్తే ఆ 35 హెర్ట్జ్ ఉబ్బు దానంతటదే రద్దవుతుంది. టీవీ యూనిట్‌లో మధ్య అర తీయించి ఒకటి అక్కడ పెట్టాను. సోఫా అమ్మేసి రెండు సింగిల్ సీట్లు కొని, వాటి మధ్య వెనక గోడకి రెండోది పెట్టాను. వచ్చినవాళ్లు దాన్ని టీపాయ్ అనుకుని కాఫీ గ్లాసు పెడుతుంటారు.

అయితే ప్లగ్గు పెట్టగానే "మ్‌మ్‌మ్" అని ఒకటే హమ్. సర్వీసు అబ్బాయి వచ్చి, యాంప్లిఫయర్ బోర్డు పోయింది, తొమ్మిది వేలవుతుంది అన్నాడు. ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేయమని ఇంకొకరు చెప్పారు. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి, షాక్ నుంచి కాపాడేది అదే. వారం తర్వాత కేబుల్ టీవీ కుర్రాడు బాక్సు మార్చడానికి వైరు విప్పాడు, హమ్ టక్కున ఆగిపోయింది. కేబుల్ వైరుకీ మన ఇంటికీ ఎర్తింగ్ వేరు కాబట్టి ఆ తేడా సబ్‌లో మోగుతోందన్నమాట. ఆ వైరుకి రెండు ఎర్తింగులనీ విడదీసే చిన్న ఐసొలేటర్ తగిలించి, రెండు సబ్‌లకీ కరెంటు ఒకే బోర్డు నుంచి ఇచ్చాను. తొమ్మిది వేలు మిగిలాయి.

తర్వాత రెండు సబ్‌ల గెయినూ, అంటే వాటి సొంత వాల్యూమూ, తగ్గించి, స్పీకర్లన్నిటినీ నడిపే రిసీవర్‌లో కాలిబ్రేషన్ (మైకుతో గదికి తగ్గట్టు సరిచేయడం) మళ్లీ చేశాను. క్రాసోవర్, అంటే ఎక్కడి నుంచి కింది స్వరాలు సబ్‌కి వెళ్లాలో చెప్పే హద్దు, 80 హెర్ట్జ్ దగ్గరే ఉంచాను. మైకు పెట్టి, గదిలో శబ్దాన్ని కొలిచే ఆర్‌ఈడబ్ల్యూ అనే సాఫ్ట్‌వేర్‌లో చూస్తే 35 దగ్గర నాన్న కుర్చీకీ వెనక సీటుకీ గీతలు దాదాపు కలిసిపోయాయి. 70 దగ్గర చిన్న గుట్ట మిగిలింది, దాన్ని ఏ స్వరాన్నైనా విడిగా తగ్గించగల ఈక్వలైజర్ చూసుకుంది. నాకు నచ్చింది మాత్రం గ్రాఫు కాదు. మృదంగంలో తొప్పి (లోతుగా మోగే వైపు) మీద పడే దెబ్బలు ఇప్పుడు దేనికది విడిగా వినిపిస్తున్నాయి.

ఇబ్బందులు లేకపోలేదు. వెనక సబ్ జోరుగా ఉన్నప్పుడు పూజగది తలుపు గంటలు సన్నగా మోగుతాయి. దూది దోపుతానంటే అమ్మ ఒప్పుకోలేదు, "స్వామే మోగించుకుంటున్నాడు, నీకేం?" అంది. కింది ఇంటికి అదురు వెళ్లడం పూర్తిగా ఆగలేదు. వాషింగ్ మెషిన్ రబ్బరు ప్యాడ్లు వేస్తే నేల అదురు తగ్గింది కానీ, లోతు స్వరాలు శ్లాబుని దాటేస్తాయి. రాత్రి పది దాటితే సబ్‌లు రెండూ ఆపేస్తాను.

మీరూ కొనాలా అంటే ఏం చెప్పను? మాది నాలుగు గోడలూ తిన్నగా ఉన్న గది, సోఫా అమ్మేస్తానంటే ఊరుకున్న ఇల్లు. వంటిల్లు హాల్లోకి కలిసిపోయిన ఇళ్లలో, ఎల్ ఆకారపు హాళ్లలో ఈ లెక్క ఇలాగే పనిచేస్తుందని చెప్పలేను. ఒక్కరే కూర్చుని చూసేవాళ్లకైతే పాకి వెతికిన చోట ఒక్క సబ్ చాలేమో. మా ఇంట్లో కూర్చునేది ఆరుగురం.

నిన్న రాత్రి సినిమా మధ్యలో నాన్న రిమోట్ కోసం చెయ్యి చాపి, "కొంచెం తగ్గించరా" అన్నారు.