టవర్‌కి డీజిలా, సోలారా? మన ఎండకి నా ఓటు దేనికంటే

కరెంటు పోయినా ఫోన్‌లో సిగ్నల్ ఉండాలంటే టవర్ కింద ఏదో ఒకటి నడవాలి. చాలా ఏళ్లుగా ఆ పని డీజిల్ జనరేటర్‌దే. దాని బలం ఒక్కటే: రాత్రయినా, ముసురు పట్టినా ట్యాంకులో డీజిల్ ఉన్నంతసేపు ఆగదు. కానీ లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది, పైగా టవర్ లోడు చిన్నది, జనరేటర్ పెద్దది అయితే యూనిట్‌కి ఇంకా ఎక్కువ తాగుతుంది. ఇక ఊరి చివరికి డీజిల్ మోసే ఖర్చు, దొంగతనాలు, చుట్టుపక్కల ఇళ్లకి ఆ మోత, పొగ.

సోలార్, లిథియం బ్యాటరీ సంగతి వేరు. టవర్ పరికరాలు నడిచేదే 48 వోల్టుల డీసీ (బ్యాటరీ ఇచ్చే రకం కరెంటు) మీద, ప్యానెల్ ఇచ్చేదీ డీసీయే, కాబట్టి ఏసీగా (ఇళ్లకొచ్చే రకం కరెంటు) మార్చి మళ్లీ డీసీ చేసే నష్టం ఉండదు. గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉన్న ఉమ్మడి కర్నూలు జిల్లా మనది, ఎండకి కొదవ లేదు. ఇబ్బందులూ ఉన్నాయి: మొదటి పెట్టుబడి ఎక్కువ, స్థలం కావాలి, ప్యానెళ్ల మీద దుమ్ము పేరుకుంటే తుడిచేవాళ్లుండాలి, మన వేడికి బ్యాటరీ ఆయుష్షు కూడా తగ్గుతుంది.

2015 కల్లా పల్లె టవర్లలో కనీసం సగం హైబ్రిడ్ కరెంటుకి (మామూలు గ్రిడ్ కరెంటుతో పాటు సోలార్ లాంటిది కలిపి) మారాలని టెలికాం శాఖ 2012లోనే చెప్పింది. నేనైతే సోలార్ వైపే. జనరేటర్ ఉండనీ, వరుసగా మబ్బు పట్టిన రోజులకి మాత్రమే.